డాక్టరు దగ్గర దాచిన అర బిళ్ళ

మీ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చితే ఇలా ఉన్నాయి. 50 రోజుల లాబ్రడార్ ఆడ కుక్కపిల్లని తెచ్చుకుని వారమైంది. 45వ రోజున ఒక టీకా వేయించారు. ఇంకా మూడు నాలుగు సార్లు రావాలని డాక్టరుగారు అంటున్నారు, అవన్నీ నిజంగా అవసరమా లేక డబ్బుల కోసమా? పక్కింటి పెద్దాయన "మా కుక్కకి పెరుగన్నం తప్ప ఏం పెట్టలేదు, టీకా అంటే తెలీదు, పన్నెండేళ్ళు బతికింది" అంటున్నారు. చిన్నచిన్న వాటికి మెడికల్ షాపులో అడిగి మందు వేస్తే సరిపోదా? చివరిగా కొంచెం కోపంగానే అడిగారు: ఐదు నిమిషాలు చూసి ఐదు వందలు తీసుకోవడం న్యాయమేనా అని.

నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివి, 19 ఏళ్ళుగా ఖమ్మంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఒక స్టీలు టేబులు, ఒక ఫ్రిజ్, ఒక కాంపౌండరు, బయట రెండు బెంచీలు. అంతే మా సామ్రాజ్యం. మీ ఆఖరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నాకు కోపం వచ్చి కాదులెండి, మిగతా జవాబులన్నీ దానిలోనే ఉన్నాయి.

మీరు ఆటో దిగి కుక్కని గేటులోంచి తీసుకొస్తుంటేనే నేను చూడటం మొదలుపెడతాను. ఏ కాలు ఆనించట్లేదు, కడుపు ఎంత వేగంగా ఎగిసిపడుతోంది, బెంచీ కింద బుట్టలో ఉన్న పిల్లిని చూసి చెవులు నిక్కబొడిచిందా లేదా. ఎదురుగా పిల్లి ఉన్నా పట్టించుకోని కుక్కని వరసలో ముందుకి పిలుస్తాను. అది టేబుల్ ఎక్కే సరికి మీరనే ఐదు నిమిషాల్లో సగం పని అయిపోయి ఉంటుంది. మిగతా సగం మీ నోట్లో ఉంటుంది. ఎప్పటి నుంచి తినట్లేదు, నీళ్ళు ఎన్ని తాగుతోంది, ఉచ్చ పోస్తోందా, విరేచనం ఏ రంగులో ఉంది, ఏ మందు వేశారు. మా రోగులు నోరు విప్పరు కాబట్టి మీ మాటే మాకు ఆధారం. ఆ మాట తప్పయితే వైద్యం కూడా తప్పుదారి పడుతుంది.

మూడేళ్ళ కిందట జరిగింది చెప్తాను. వానాకాలం, రాత్రి తొమ్మిదిన్నర, షట్టరు సగం దించేశాం. భార్యాభర్తలు తువ్వాలులో చుట్టిన పిల్లిని పట్టుకుని వచ్చారు. నాలుగు కిలోలుంటుంది. ముఖం ఉబ్బింది, ముందు పాదాలు కూడా. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పిల్లి నోరు తెరిచి రొప్పిందంటే అది ఆషామాషీ కాదు. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, ఇవి బురద నీళ్ళ రంగులో ఉన్నాయి. రక్తం తీస్తే సిరంజిలోకి ఎర్రగా కాక డికాషన్‌లా గోధుమ రంగులో ఎక్కింది. నాకు అర్థమైపోయింది, కానీ నిర్ధారణ కావాలి.

"ఏమైనా మందు వేశారా?"

"లేదు సార్."

"జ్వరం బిళ్ళ?"

"లేదండీ, ఏం వెయ్యలేదు."

ఆయన ఆవిడ వైపు చూశాడు, ఆవిడ గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. నేను గొంతు తగ్గించి, "అమ్మా, తిట్టడానికి అడగట్లేదు. దీనికి విరుగుడు ఉంది. ఏం వేశారో తెలిస్తే ఇప్పుడే మొదలుపెడతాను" అన్నాను. అప్పుడు బయట బండి మీద కూర్చున్న వాళ్ళబ్బాయి లోపలికి వచ్చాడు. ఇంటర్ చదివే పిల్లాడు. "పొద్దున ఒళ్ళు వేడిగా ఉందని నేనే అర బిళ్ళ వేశాను అంకుల్. నాన్న చెప్పొద్దన్నాడు" అని ఏడుపు గొంతుతో అన్నాడు. 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళలో సగం. నాలుగు కిలోల పిల్లికి అది విషం.

మనిషి కాలేయం పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదనే చెప్పాలి. మందు విషంగా మారి రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థాన్నే పాడుచేస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం గాలి అందదు. విరుగుడు అసిటైల్‌సిస్టీన్, మనుషులు పారాసిటమాల్ ఎక్కువ మింగినప్పుడు ఇచ్చేది కూడా అదే. మా కాంపౌండరు వానలో తడుస్తూ పెద్ద ఆసుపత్రి దగ్గర మందుల షాపు నుంచి తెచ్చాడు. పిల్లి బతికింది, నాలుగు రోజులు పట్టింది. ఆ బిళ్ళ సంగతి చెప్పడానికి పట్టిన పావుగంట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తప్పు వాళ్ళదే అనను. మాలో చాలామందికి తిట్టే అలవాటుంది. "ఎవడు వెయ్యమన్నాడు?" అని ఒకసారి అరిస్తే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ జన్మలో నిజం చెప్పరు. నేను అరవడం మానేసి ఆరేడేళ్ళయింది. అయినా మీకు చెప్పేది ఇదే: మీ డాక్టరు దగ్గర ఏమీ దాచకండి. పసుపు రాశారా, కొబ్బరినూనె పట్టించారా, యూట్యూబ్ చూసి పురుగుల మందు పోశారా, మొత్తం చెప్పండి. బిళ్ళ వేస్తే దాని అట్ట కూడా తీసుకురండి. ఎలుకల మందు తిన్నదని అనుమానం వస్తే ఆ పొట్లమో డబ్బానో తప్పకుండా తేవాలి. ఎలుకల మందుల్లో రక్తం గడ్డకట్టనివ్వని రకం ఒకటుంది. అది తిన్న కుక్క మూడు నాలుగు రోజుల దాకా చక్కగా తింటుంది, ఆడుకుంటుంది. "ఏం కాలేదులే" అని మీరు ఊరుకుంటారు. తర్వాత ఒక్కసారిగా ముక్కులోంచి, చిగుళ్ళలోంచి రక్తం. మొదటి రోజే తెలిస్తే విటమిన్ కె1తో దాన్ని బతికించవచ్చు.

మెడికల్ షాపు మందు చాలదా అన్న ప్రశ్నకి జవాబు సగం వచ్చేసినట్టే. కుక్క పిల్లిలాగా పారాసిటమాల్‌కి అంత సులువుగా పడిపోదు గానీ, ఒళ్ళు నొప్పుల బిళ్ళలతో దాని సంగతీ అంతే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. నల్లగా తారులా విరేచనం అవుతోందంటూ వచ్చేవాళ్ళలో కొందరు ముందు రోజు కుంటుతోందని నొప్పి బిళ్ళ వేసినవాళ్ళే ఉంటారు. డైక్లోఫెనాక్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, పశువులకి దాన్ని వాడటం మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు పడిన గొడ్డు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పోయి రాలిపోయాయి. మా తాతల ఊళ్ళో గుంపులుగా దిగేవట, నేను ప్రాక్టీసు మొదలెట్టాక ఈ చుట్టుపక్కల ఒక్కదాన్నీ చూడలేదు. మందుల షాపు కుర్రాణ్ణి తప్పుపట్టక్కర్లేదు. అతను చదివింది మనుషుల మందులు. కుక్క బరువెంత అని అతను అడగడు, మేం బరువు చూడకుండా సిరంజి పట్టుకోం.

ఇక టీకాలు. మీ పక్కింటి పెద్దాయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ఆ కుక్కని ఏ ఏడాది పెంచారో ఒకసారి అడగండి. కుక్కల్లో పార్వో అనే వైరస్ జబ్బు ప్రపంచానికి తెలిసిందే 1978లో. ఆయన చెప్పే కుక్క అంతకు ముందుదైతే దానికి పార్వో వచ్చే అవకాశమే లేదు. ఇప్పుడు ఆ వైరస్ మన వీధుల్లో, మట్టిలో, చెప్పుల అడుగున అంతటా ఉంది. నెలల తరబడి బతుకుతుంది. పిల్లని ఇల్లు కదలనివ్వకపోయినా మీ చెప్పులే లోపలికి మోసుకొస్తాయి. చెప్పులు గుమ్మం బయటే విడిచే మన అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది.

మూడు నాలుగు డోసులు ఎందుకంటే ఇదీ లెక్క. పిల్ల పుట్టగానే తాగిన ముర్రుపాలతో తల్లి రక్షణ కొంత వస్తుంది. మంచిదే, కానీ అది ఒంట్లో ఉన్నన్నాళ్ళూ మనం వేసిన టీకాని కూడా శత్రువే అనుకుని అణిచేస్తుంది. ఆ రక్షణ ఒక పిల్లలో ఏడో వారానికే పోతుంది, దాని తోబుట్టువులోనే పన్నెండు పద్నాలుగు వారాల దాకా ఉండొచ్చు. పైకి చూసి చెప్పలేం. అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, ఆఖరి డోసు 16 వారాలు దాటాక పడేలా చూస్తాం. వాటిలో ఏదో ఒకటి సరైన సమయానికి తగులుతుంది. మీ పిల్లకి 45 రోజులకి ఒకటి అయింది కాబట్టి 70, 95, 115 రోజుల దరిదాపుల్లో మిగతావి. మూడు నెలలు నిండాక రేబిస్. మళ్ళీ ఏడాదికి బూస్టర్. ఆఖరి డోసు అయ్యేదాకా వీధిలో నడిపించకండి. ఎత్తుకుని తిప్పండి, మనుషులనీ బళ్ళనీ చూడనివ్వండి, నేల మాత్రం తాకనివ్వొద్దు.

డబ్బుల కోసమా అన్న అనుమానం పూర్తిగా తప్పని కూడా అనను. ఏడాది బూస్టర్ తర్వాత పార్వో, డిస్టెంపర్ (కుక్కల్ని చంపే ఇంకో వైరస్ జబ్బు)ల నుంచి రక్షణ మూడేళ్ళూ, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఎలుకల ఉచ్చ వల్ల వచ్చే లెప్టోస్పైరా టీకా మాత్రం ఏటా కావాలి. మన దేశంలో రేబిస్ కూడా ఏటా వేయించడమే మంచిది. ఏటేటా అన్నీ వేయాలని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. అడిగే హక్కు మీకుంది, చెప్పే ఓపిక మాకుండాలి.

పార్వో వచ్చిన పిల్లని ఒక్కసారి చూస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నిన్నటిదాకా చెప్పులు కొరికిన పిల్ల మూల చేరి కదలదు. వాంతులు, ఆపైన రక్తపు విరేచనం. ఆ వాసన వేరు. తలుపు తీయకముందే మా కాంపౌండరు "సార్, పార్వో" అంటాడు. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు మా దగ్గర లేదు. సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, ఇంకో జబ్బు దానిపైన ఎక్కకుండా చూసి, పిల్ల తనంతట తాను గెలిచేదాకా నిలబెట్టడమే మా పని. మూడు నుంచి ఐదు రోజులు. మొదటి రోజే తెచ్చినవి ఎక్కువగా బతుకుతాయి. రెండు రోజులు ఓఆర్ఎస్ తాగించి, దిష్టి తీయించి తెచ్చిన వాటి గురించి చెప్పలేను. ఇంకోటి, ఫినాయిల్‌తో కడిగితే ఆ వైరస్‌ పోతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఇంట్లో వాడే బ్లీచు ఒక వంతు, నీళ్ళు ముప్ఫై వంతులు కలిపి నేలంతా తడిపి పది నిమిషాలు ఉంచి కడగాలి. ఇంట్లో పిల్లులుంటే ఫినాయిల్ అసలే వద్దు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, ఎండాకాలం, రెండు రోజులు పెళ్ళికి వెళ్ళొచ్చాను. సోమవారం పొద్దున రెండు పిల్లలకి టీకాలు వేసేశాను. తర్వాత చల్లనీళ్ళ కోసం ఫ్రీజరు తెరిస్తే, ఐసు ట్రేలో గడ్డలు కరిగి మళ్ళీ గడ్డకట్టి ఒకే పలకలా ఉన్నాయి. అంటే నేను లేనప్పుడు గంటల తరబడి కరెంటు పోయింది. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండలో ఉడికితే అది ఉత్త నీళ్ళే. ఉన్న స్టాకంతా పారేశాను. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి పిలిచి, విషయం చెప్పి, కొత్తవి తెప్పించి మళ్ళీ వేశాను. అప్పటి నుంచి ఫ్రీజరులో గ్లాసుడు నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెడతాను. బిళ్ళ గడ్డలో దిగిందంటే కరెంటు పోయినట్టు. మీరు కూడా టీకాని బయట కొని ప్లాస్టిక్ కవరులో వేసుకుని ఎండలో తీసుకెళ్ళకండి. డాక్టరు మీ కళ్ళ ముందే ఫ్రిజ్‌లోంచి తీసి, కలిపి, సీసా మీద స్టిక్కరు పీకి మీ కార్డు మీద అంటించాలి. ఆ స్టిక్కరు లేని కార్డుకి విలువ లేదు.

పెరుగన్నం విషమేమీ కాదు. కుక్క వేల ఏళ్ళుగా మన పక్కన ఉండి అన్నం అరిగించుకోవడం నేర్చుకుంది. ఎదిగే లాబ్రడార్ పిల్లకి అదొక్కటే పెడితే కండ పట్టదు, ఎముక గట్టిపడదు, అదీ సమస్య. ఇంటి తిండే పెట్టాలనుకుంటే అన్నంలో ఉడికించిన గుడ్డో, ఎముకల్లేని చికెనో బాగా కలిపి, కొంచెం గుమ్మడికాయ, క్యారెట్ వేసి, రోజుకి నాలుగుసార్లు పెట్టండి. లోటు రాకుండా కొలతలు మీ డాక్టరు చేత రాయించుకోండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు. పాలు పోస్తే చాలా పిల్లలకి విరేచనాలవుతాయి. కంపెనీ పప్పీ ఫుడ్ పెడుతుంటే మాత్రం కాల్షియం సిరప్ మానేయండి. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకర పోతాయి. "కాళ్ళు గట్టిపడటానికి" అని సొంతంగా సీసాలు సీసాలు పోసి, వంకర కాళ్ళతో తెచ్చినవాళ్ళున్నారు.

పిల్లి ఉన్నవాళ్ళకి ఒక్క మాట: పిల్లి కుక్క కాదు, మాంసాహారం లేకపోతే దానికి కళ్ళూ గుండే దెబ్బతింటాయి. పెరుగన్నం మీద పిల్లిని పెంచడం కుదరదు.

మీ పిల్ల ఎప్పుడూ ఆకలే అన్నట్టు చూస్తుంది, ఆ చూపుని నమ్మొద్దు. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కలకి కడుపు నిండిన కబురు మెదడుకి చేరనివ్వని జన్యు లోపం ఉందని కనిపెట్టారు. పెట్టినకొద్దీ తింటుంది. దసరా మర్నాడు మా క్లినిక్ చూడాలి. మటన్ ముక్కలు, కొవ్వు, ఎముకలు తిన్న లాబ్రడార్లన్నీ వరసగా బెంచీల కింద. ఒకటి వాంతులు, ఒకటి గొంతులో ఎముక, ఒకటి విరేచనం బిగిసిపోయి. పండగ మనది, తిప్పలు వాటివి.

పిడుదుల గురించి మీరు అడగలేదు గానీ, అడగాల్సింది. మీ వైపు గోమార్లు అంటారేమో. కుక్క మీద కనపడే పది పిడుదులు మొత్తం సైన్యంలో చిన్న భాగం. మిగతావి గుడ్లుగా, పిల్లలుగా మీ గోడ పగుళ్ళలో, మంచం కింద, తలుపు సందుల్లో ఉంటాయి. రక్తం తాగి శనగ గింజంత అయిన ఆడ పిడుదు కుక్క మీంచి దిగి, గోడ ఎక్కి, వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అందుకే కుక్కకి ఎన్నిసార్లు స్నానం చేయించినా మళ్ళీ వస్తాయి. కుక్కకీ ఇంటికీ ఒకేసారి చూడాలి. పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. కుక్కకి పిడుదుల మాత్రలు వచ్చాయి, కొన్ని ఒక్కటి వేస్తే పన్నెండు వారాల దాకా పనిచేస్తాయి. ఏది, ఏ వయసుకి అన్నది డాక్టరు బరువు చూసి చెప్తారు. కిరోసిన్, పెట్రోలు, చేలో కొట్టే మందు పూయకండి. కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ మందుల్ని పిల్లికి రాస్తే మూర్ఛలొచ్చి చచ్చిపోవచ్చు.

పిడుదు ఊరికే రక్తం తాగి పోదు, రక్తంలో జబ్బు వదిలిపోతుంది. జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు తెల్లబడటం, పొట్ట మీద ఎర్ర చుక్కలు, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. ఎర్లీకియా అంటారు, మన ఊళ్ళలో మేం దాదాపు వారం వారం చూసే జబ్బు. డాక్సీసైక్లిన్ 28 రోజులు వేయాలి. నాలుగో రోజుకే కుక్క లేచి అన్నం తింటుంది, ఐదో రోజు ఇంటివాళ్ళు మందు ఆపేస్తారు. రెండు నెలలకి మళ్ళీ నా బెంచీ మీద. చీటీలో 28 అని రాసి గుండ్రం చుట్టేది అందుకే.

రేబిస్ దగ్గర నేను సరదాగా మాట్లాడను. లక్షణాలు మొదలయ్యాక కుక్కనైనా మనిషినైనా కాపాడగలిగే మందు లేదు. పెంపుడు పిల్ల కాబట్టి గీరినా పర్లేదు, పాలపళ్ళే కదా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. పుండు మీద కారం, సున్నం పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఏ కుక్క కరిచినా గీరినా ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి. ఆ పావుగంట చాలా విలువైంది. తర్వాత అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయం వదిలేయండి, ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చేతికే, నాలుగైదు సార్లు. మీ కుక్కపిల్లకి టీకాలు పూర్తికాలేదు, మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పేరా వాళ్ళకి చదివి వినిపించండి. నేనూ మా కాంపౌండరూ ఎవరూ కరవకముందే టీకా వేయించుకున్నవాళ్ళం.

మీది ఆడపిల్ల కాబట్టి ఆపరేషన్ సంగతి ఇప్పుడే చెప్తున్నాను. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీయించేయండి, ఎప్పుడన్నది దాని ఎదుగుదల చూసి మీ డాక్టరు చెప్తారు. "పాపం, ఒక్క ఈతైనా కానివ్వండి సార్" అంటారు అందరూ. ఈనడం వల్ల దాని ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. తీయించకపోతే వచ్చే ప్రమాదం గర్భసంచిలో చీము. హీట్, అంటే ఎదకొచ్చే కాలం, అయిపోయిన నెల, రెండు నెలలకి, ఎక్కువగా వయసు పైబడ్డ వాటిలో. లక్షణం వినండి: బకెట్లు బకెట్లు నీళ్ళు తాగుతుంది, తిండి మానేస్తుంది, వెనక నుంచి చీము కారొచ్చు, కారకపోవచ్చు కూడా. కారనిదే ఎక్కువ ప్రమాదం. ఎండాకాలం కదా, నీళ్ళు ఎక్కువ తాగుతోందనుకుంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న "హీట్ ఎప్పుడైంది?" దానికి జవాబు చాలా ఇళ్ళలో ఉండదు. క్యాలెండర్ మీద, గ్యాస్ బండ తేదీ పక్కన, అది కూడా రాసుకోండి. హీట్ రాకుండా ఆపే ఇంజెక్షన్లు అడగొద్దు, ఆ చీము జబ్బుని పిలిచి కూర్చోబెట్టేవి అవే.

ఎండ గురించి ఖమ్మం వాణ్ణి నేను చెప్పకపోతే ఎలా? మే నెలలో నడక తెల్లవారుజామునే. రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు ఐదారు క్షణాలు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. కారులో వదిలి "రెండు నిమిషాల్లో వస్తా" అని షాపులోకి వెళ్ళొద్దు. వడదెబ్బ తగిలితే మామూలు కుళాయి నీళ్ళతో ఒళ్ళంతా తడిపి ఫ్యాను గాలి తగలనిస్తూ తీసుకురండి. తడి గుడ్డ కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి ఖర్చులేనివి. పిల్ల ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెదవి ఎత్తి చిగుళ్ళు చూసి ఆ రంగు గుర్తుపెట్టుకోండి. వేలితో నొక్కితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి, పెద్దయ్యాక నిమిషానికి 30 లోపు ఉండాలి. థర్మామీటరు విడిగా ఒకటి కొనండి, కొంచెం నూనె రాసి వెనక నుంచి పెట్టాలి, 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే. మనకి జ్వరమనిపించేది దానికి ఆరోగ్యం. ఆ పిల్లాడు తన పిల్లి "ఒళ్ళు వేడిగా ఉంది" అనుకున్నది కూడా చాలామటుకు ఇదే అయ్యుండొచ్చు. ఏ రోజైనా తేడా అనిపిస్తే విరేచనాన్ని, వాంతిని ఫోనులో ఫొటో తీయండి. సిగ్గుపడక్కర్లేదు, నా ఫోన్ నిండా అవే. మా ఆవిడ నా గ్యాలరీ తెరవడం ఎప్పుడో మానేసింది.

ఒక పూట తినకపోయినా హుషారుగా ఉంటే మర్నాటిదాకా చూడొచ్చు, కానీ నాలుగు నెలల లోపు పిల్ల విషయంలో ఆ లెక్క వద్దు, అదే రోజు చూపించండి. కొన్నిటికి రాత్రనక, పగలనక పరిగెత్తాల్సిందే: చిగుళ్ళు తెల్లగానో నీలంగానో మారడం, పొట్ట డోలులా ఉబ్బి వాంతి రాక ఓకరించడం, ఐదు నిమిషాలు దాటినా ఆగని మూర్ఛ, పాము కాటు. మగ పిల్లి మట్టి డబ్బాలో పదేపదే కూర్చుని చుక్క ఉచ్చ రాకపోతే అది మలబద్ధకం కాదు, మూత్రం దారి మూసుకుపోయింది. తెల్లారేదాకా ఆగొద్దు.

ఖర్చు భారమైతే మొహమాటం లేకుండా డాక్టరుకి చెప్పండి. ఏ పరీక్ష ఇవాళే కావాలి, ఏది ఆగొచ్చు అని విడదీయొచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో ఆసుపత్రులున్నాయి, వరసలో నిలబడే ఓపికుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఐదు వందలు న్యాయమా అన్నదానికి నా జవాబు: మీరు నిజం చెప్పి, డాక్టరు ఓపిగ్గా విని, చీటీ మీద ఏం రాశారో మీకు అర్థమయ్యేలా చెప్తే న్యాయమే. ఆయన విననే వినకపోతే డాక్టర్ని మార్చండి, మెడికల్ షాపుకి మాత్రం మారకండి.

ప్రస్తుతానికి మీ పనులు ఇవి. 15 రోజులకోసారి నులిపురుగుల మందు మూడు నెలలదాకా, ఆపైన ఆరు నెలలదాకా నెలకోసారి. తల్లి కడుపులోనే పురుగులు అంటుకుంటాయి కాబట్టి "మా పిల్ల మట్టి తినదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. ప్రతిసారీ ముందు బరువు చూడండి: పిల్లని ఎత్తుకుని తూకం ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసేయండి. 70వ రోజు టీకాకి వెళ్ళేటప్పుడు కొంచెం విరేచనం చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి, మైక్రోస్కోపు కింద చూస్తారు. ఇంకోటి, అంత పొడుగు ప్రశ్నలో పిల్ల పేరు ఎక్కడా రాయలేదు. త్వరగా పెట్టండి. పేరు చెప్పకపోతే మా కాంపౌండరు కార్డు మీద "బేబీ" అని రాసేస్తాడు. మా రిజిస్టరులో ఇప్పటికే నలభై మంది బేబీలున్నారు, అందులో ఒకటి యాభై కిలోల మగ రాట్‌వీలర్.